పక్షుల ఫొటోగ్రఫీ పాఠాలు – 4: తెల్ల పక్షికి ఎక్స్‌పోజర్

పోయిన పాఠంలో ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ 1/2000 దగ్గర మొదలుపెట్టమన్నాను. పొలానికి వెళ్ళి ప్రయత్నించినవాళ్ళలో చాలామందికి ఈ చిక్కు ఎదురై ఉంటుంది: కొంగ కదలకుండా స్పష్టంగానే వచ్చింది, కానీ ఒంటిమీద ఒక్క ఈక గీతా కనబడదు. సున్నం ముద్దలా ఉంది. ఈసారి పాఠం దాని గురించే.

కెమెరాలోని లైట్ మీటర్‌కు కొంగ తెలీదు, కాకి తెలీదు. ఎదురుగా ఉన్నవాటి మీంచి తిరిగొచ్చే వెలుగును కొలిచి, మొత్తాన్ని ఒక మధ్యరకం బూడిద ఛాయకు తెచ్చే సెట్టింగు ఎంచుతుంది. ఎండుగడ్డికీ రోడ్డుకీ ఈ లెక్క సరిపోతుంది. తెల్ల పక్షి దగ్గరే తప్పుతుంది, అదీ రెండు వైపులా.

దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టర్ వెనకాల పురుగుల కోసం తిరిగే కొంగల్నే తీసుకోండి. దూరంగా ఉన్నప్పుడు ఫ్రేములో చాలాభాగం నల్లటి బురదే. మీటర్ ఆ బురదను చూసి, చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. బురద బూడిదరంగుకు వస్తుంది, కొంగ ఈకల గీతలు కనబడనంత తెల్లగా పేలిపోతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే మీటర్ ఎంచిన వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగును, మైనస్ ఒకటి దాకా దించాలి. అదే కొంగ గట్టు మీదికొచ్చి మీ ఫ్రేమంతా నిండితే కథ తిరగబడుతుంది. ఇప్పుడు మీటర్‌కు కనిపించేదంతా తెలుపే కాబట్టి వెలుగు తగ్గించేస్తుంది, కొంగ మాసిపోయినట్టు వస్తుంది. ఇక్కడ ప్లస్ ఒకటి కావాలి. 'తెల్ల పక్షికి ప్లస్ పెట్టండి' అని అందరూ చెప్పే సూత్రం సగమే నిజం అనేది ఇందుకే.

మరి ఎగిరొచ్చే కొంగకు ఏం చేస్తారు? అది బురద మీంచి ఆకాశంలోకి, ఆకాశంలోంచి చెట్ల ముందుకు వస్తుంటే డయల్ తిప్పుతూ కూర్చోలేం. నా సలహా మాన్యువల్ మోడ్, అంటే మీటర్‌కు వదలకుండా సెట్టింగులన్నీ మనమే పెట్టుకోవడం. వెనకాల ఏది మారినా కొంగ మీద పడే ఎండ మారదు కదా. మబ్బు లేకుండా ఎండ బాగా కాస్తూ, సూర్యుడు మీ వీపు వైపు ఉంటే ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 400, ఎఫ్ (లెన్స్ తెరుచుకునే కొలత) 8, షట్టర్ స్పీడ్ 1/2500 పెట్టి ఒక ఫొటో తీయండి. వెలుగు మితిమీరిన చోటును మినుకుమినుకుమనిపించి చూపే హైలైట్ అలర్ట్ ఆన్ చేసి చూడండి. కొంగ ఒంటిమీద నల్లగా మినుకుమినుకుమంటే షట్టర్ స్పీడ్ ఒక మెట్టు పెంచండి. ఏమీ మినుకుమనకపోతే, మొదలయ్యేదాకా తగ్గిస్తూ వెళ్ళి ఒక్క మెట్టు వెనక్కి రండి. ఇక మబ్బు పట్టేదాకా దాన్ని ముట్టుకోకండి. పొద్దున్నే ఎండ పలచగా ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ 800 వైపు వెళ్ళాలి.

ఇది వచ్చాక పులికాట్‌కు వెళ్ళండి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ఫ్లెమింగోలు కనిపించే చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి, రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు తిన్నగా పడుతుంది. దక్షిణం వైపువి ఎదురెండలో నల్లటి ఆకారాలుగా వస్తాయి. అవీ బాగుంటాయి, కాకపోతే అది వేరే పాఠం.

ఫ్లెమింగోతో ఇంకో తిరకాసుంది. నిలబడి ఉన్నంతసేపు దాదాపు తెల్లగా, లేత గులాబీ ఛాయలో ఉంటుంది. రెక్క విప్పిందా, లోపల ముదురు గులాబీ, అంచుల్లో నలుపు. పొద్దుటి ఎండలో ఆ గులాబీలోని ఎరుపు అన్నిటికంటే ముందు పేలిపోతుంది. ఫొటోలో చీకటి ఎడమకు, వెలుగు కుడికి చూపించే గ్రాఫ్, అంటే మామూలు హిస్టోగ్రామ్‌లో అది తెలియకపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడకు ఒరిగిపోకుండా చూసుకోండి. రా ఫైలులో (కెమెరా పట్టిన వివరాలన్నీ దాచే ఫైలు) తీస్తే కొంత తిరిగి తెచ్చుకోవచ్చు, జేపెగ్‌లో పోయింది పోయినట్టే.

ఎండ ముదిరాక నీళ్ళమీద గాలి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు దూరంగా ఉన్న పక్షి ఏ లెన్స్‌తో తీసినా మసకే. ఫోకస్ పోయిందని టెన్షన్ పడి లెన్స్ సర్వీసుకు ఇవ్వకండి. దగ్గరి పక్షులు చూసుకోండి, లేదా టిఫిన్‌కు వెళ్ళండి.

కారు దిగకుండా, ఇంజిన్ ఆపి, కిటికీ అద్దం మీద బియ్యం పోసిన గుడ్డ సంచి పెట్టి దానిమీద లెన్స్ ఆనించండి. కారును పక్షులు పెద్దగా పట్టించుకోవు, తలుపు తీసిన మనిషిని చూస్తే జరిగిపోతాయి. రెక్కల ఫొటో కోసం హారన్ కొట్టి గుంపును లేపేవాళ్ళు ఉన్నారు. నాకు వాళ్ళమీద గౌరవం లేదు. ఫ్లెమింగో ముక్కు తలకిందులుగా పెట్టి, గంటల తరబడి నీళ్ళు వడకట్టుకుంటే గానీ దాని కడుపు నిండదు. ఊరికే ఎగరేస్తే ఆ తిండి అంతా వృథా. ఓపిక పడితే వాటంతటవే రెక్కలు విప్పుతాయి.

దగ్గర్లోనే ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులది (పెలికాన్లది) బూడిద కలిసిన తెలుపు, వాటితో ఇంత గొడవ ఉండదు. ముదురు ఆకుల మధ్య వాలిన కొంగలకే మైనస్ గుర్తుపెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: ఒకే కొంగను ఆటో మోడ్‌లో దూరంగా ఒకటి, దగ్గరగా ఒకటి తీసి, తర్వాత మాన్యువల్‌లో అవే రెండూ తీయండి. నాలుగూ పెద్దవి చేసి ఈకల గీతలు చూడండి. మెడ కింద ఈకలు విడివిడిగా కనిపిస్తే వచ్చే పాఠానికి, అంటే కదిలే పక్షి మీద ఫోకస్ నిలపడానికి, మీరు సిద్ధం.