పాత ట్రాక్టర్ ట్రాలీ కొంటున్నారా? ముందు కిందికి వంగి చూడండి

యాసంగి కోతలు దగ్గరపడితే మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల వైపు పాత ట్రాలీలకు గిరాకీ పెరుగుతుంది. అమ్మేవాళ్లు ముందుగా చేసే పని రంగు వేయించడం. రంగు వదిలేసి, ఆ ట్రాలీ ఇన్నాళ్లూ ఏం మోసిందో అడగండి. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న డబ్బాలో నిండా వడ్లు పోస్తే బరువు సుమారు 2 టన్నులు. అదే డబ్బాలో తడి ఇసుక నింపితే 6 టన్నుల దాకా పోతుంది. ఇసుక తోలిన ట్రాలీకి ఛాసిస్ వంగుతుంది, బరువును ఆపే స్ప్రింగులైన కమాన్ పట్టీలు కూర్చుంటాయి.

హుక్కు రంధ్రం నడుమ నుంచి ఇరుసు రెండు కొసలకూ టేపు పెట్టి కొలవండి. అర సెంటీమీటరు మించి తేడా వస్తే ఇరుసు పక్కకు జరిగినట్టే. చాలాసార్లు పట్టీల మధ్యనుండే సెంటర్ బోల్టు తెగడమే దీనికి కారణం. బోల్టు మార్చకుండా తిప్పితే కొత్త టైర్లు కూడా ఒకవైపే అరుగుతాయి. విరిగిన పట్టీని వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడికి దాని స్ప్రింగు బిగువు పోయి, లోడు పడగానే ఆ పక్కనే మళ్లీ విరుగుతుంది.

ట్రాలీకి ఆర్‌సీ వేరుగా ఉంటుంది. ఛాసిస్ మీద కొట్టిన నంబరు దాంతో కలవాలి. ఫైనాన్స్ ఉంటే, అప్పిచ్చినవాళ్లు తమకు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ తీసుకోండి, పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు అప్పుడే పెట్టించుకోండి.

ఇంటికి తెచ్చాక మొదట బేరింగుల పని పట్టాలి. జాకీ ఎక్కించి, ఇరుసు కింద గట్టి మొద్దులు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొటలొట ఆడితే బేరింగు వదులైంది, తిప్పినప్పుడు గరగర అంటే అరిగింది. చక్రం నడుమ బేరింగులుండే హబ్ విప్పి పాత గ్రీజంతా డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. రోలర్ల మీద గుంటలు గానీ నీలిరంగు గానీ కనిపిస్తే బేరింగును దాని కప్పుతో (బయటి రింగుతో) సహా మార్చాలి, ఆయిల్ సీల్ ఎలాగూ కొత్తదే వేయాలి. గ్రీజును అరచేతిలో పెట్టుకుని రోలర్ల మధ్యకు నొక్కి ఎక్కించండి. హబ్ లోపల సగానికి మించి నింపితే వేడెక్కి సీల్ తోసుకుని బయటికొస్తుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత పావు చుట్టు లోపే వదులు చేసి, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తది వేయండి. పది కిలోమీటర్లు నడిపాక హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవనంత కాలితే నట్టు మరీ బిగిసింది.

డబ్బా అడుగు రేకును సుత్తెతో తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిదే, చప్పగా మోగితే తుప్పు తిన్నది. మూలలు ముందు పోతాయి, యూరియా మోసిన ట్రాలీల్లో మరీను. పాత రేకు మీదే కొత్త రేకు పరిచే పని చౌకగా కనిపిస్తుంది గానీ, రెండింటి మధ్య నీళ్లు నిలిచి రెండూ పోతాయి. తుప్పు పట్టినంత మేర కోసేసి 4 ఎంఎం రేకు వేయించండి. వెల్డింగుకు ముందు ట్రాక్టర్‌ను ట్రాలీ నుంచి విప్పి దూరం పెట్టాలి. ఎర్త్ క్లిప్పును చక్రానికో ఇరుసుకో తగిలించనివ్వకండి, కరెంటు బేరింగుల గుండా పారి రోలర్లకు మచ్చలు పడతాయి. వెల్డింగ్ చేసేచోటికి దగ్గర్లో రేకుకే పెట్టించండి. మూలల్లో నీళ్లు పోవడానికి 12 ఎంఎం రంధ్రాలు పెట్టించి, తుప్పు గీకి, రెడాక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు వేస్తే చాలు.

డబ్బాను ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు ఉంటే లోడుతో పైకెత్తి పది నిమిషాలు ఆపి చూడండి. దిగిపోతుంటే సీళ్లో వాల్వో పోయాయి. ఈ లిఫ్టు జాకీలో మురికి ఆయిల్ ఉంటే అది ట్రాక్టర్ హైడ్రాలిక్‌లోకే వెళ్తుంది, కాబట్టి పైపు కలిపే ముందు దాన్ని దించేయండి. ఎత్తిన డబ్బా కిందికి ఇనుప ఊత పెట్టకుండా తల కూడా దూర్చవద్దు.

లైట్లు తరచూ ఆరిపోతుంటే బల్బుల మీద పడకండి, ఎర్త్ హుక్కు ద్వారా వస్తోందేమో చూడండి. విడిగా ఎర్త్ వైరు లాగితే తగ్గుతుంది. వెనక ఎరుపు, పక్కలకు పసుపు రేడియం టేపు తప్పనిసరి, రాత్రిపూట వడ్లు కొనే ఐకేపీ కేంద్రం ముందు రోడ్డు మీద వరుసలో ఆగినప్పుడు దాని అవసరం తెలుస్తుంది. టైర్లకు గాలి, టైరు పక్కన అచ్చు వేసిన లెక్క మించకూడదు.

మొదటి లోడు దించగానే పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, చక్రాల నట్లు పానాతో మళ్లీ ఒకసారి బిగించాలి. కొత్తగా కూర్చిన పట్టీలు బరువుకు సర్దుకుని తప్పకుండా వదులవుతాయి.