ఏ-320ని కోసి ఏ-319 చేశా

నా దగ్గరున్న ఎయిర్‌బస్ ఏ-320 విమానం బొమ్మ కిట్‌ను (1/144 స్కేలు, అంటే అసలు దానిలో 144వ వంతు) దానికంటే పొట్టిదైన ఏ-319గా మార్చాలనుకున్నా. అసలు విమానాల పొడవులో తేడా 3.73 మీటర్లు, అంటే ఈ స్కేలులో దాదాపు 26 మిల్లీమీటర్లు. రెక్కకు ముందు 15, వెనక 11 కోసెయ్యాలి. బాడీ రెండు సగాలనూ విడివిడిగా కోశా, అదే తప్పు. అతికించాక చూస్తే కిటికీల వరుస మెట్టులా దిగింది.

ఊడదీశా. పాత ఏటీఎం కార్డును సన్నగా కత్తిరించి లోపల దన్నుగా పెట్టి, కిటికీలు ఒకే గీతలోకి వచ్చాకే ఫెవిక్విక్ చుక్క వేశా. సందుల్లోకి నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కార్లకు పెయింట్ కొట్టేచోట అడిగి తెచ్చిన పుట్టీ. మన మే ఎండకి కాసేపట్లోనే రాయైంది! తర్వాత నీళ్లు పెడుతూ 400, 1000 నంబరు ఎమ్రీ పేపర్.

రంగు కూడా కొట్టేశాక తమ్ముడు చూసి, "అన్నా, ఈ రెండో తలుపు ఎవరికి?" అన్నాడు. రెక్క మీద ఎమర్జెన్సీ తలుపులు ఏ-320కి పక్కకి రెండు, ఏ-319కి మామూలుగా ఒక్కటే. మళ్లీ గీకి పూడ్చా.