గ్యాస్ స్టేషన్‌లో మెకానిక్ షెడ్డు తీసి స్టోర్ పెడితే ట్రాఫిక్ ఎంత పెరుగుతుంది? లెక్క ఇలా వేయండి

న్యూజెర్సీలో పాత గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) కొని, కార్లు బాగుచేసే రిపేర్ బేలు తీసేసి అక్కడ కన్వీనియన్స్ స్టోర్ పెడదామనుకునే మనవాళ్లను ప్లానింగ్ బోర్డు తప్పకుండా అడిగే ప్రశ్న ట్రాఫిక్ గురించే. "పంపులు అవే కదా, కొత్తగా పెరిగేదేముంది" అంటే ఒప్పుకోరు. రిపోర్టు రాసి సంతకం పెట్టేది ట్రాఫిక్ ఇంజినీరే అయినా, డబ్బు పెట్టేది మీరు కాబట్టి లెక్క మీకూ తెలిసుండాలి.

ముందు ఇప్పుడున్న ట్రాఫిక్ లెక్కపెట్టించండి. స్కూళ్లు నడిచే రోజుల్లో, మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకరోజు, పొద్దున 7 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6 దాకా, ఒక్కో డ్రైవ్‌వేలో ఎన్ని కార్లు లోపలికొచ్చాయి, ఎన్ని బయటికెళ్లాయి, ఎటు తిరిగాయి అన్నది పదిహేను నిమిషాలకోసారి రాయించాలి. స్టేషన్ చాన్నాళ్లుగా మూతపడి ఉంటే పాత ట్రాఫిక్‌ను కొత్త లెక్కలోంచి మినహాయించనిస్తారో లేదో బోర్డును ముందే అడగండి, లెక్కంతా దానిమీదే ఆధారపడుతుంది.

తర్వాత ఐటీఈ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీర్స్) ట్రిప్ జనరేషన్ మాన్యువల్, అంటే ఎలాంటి వ్యాపారానికి ఎన్ని బండ్ల రాకపోకలుంటాయో చెప్పే పుస్తకం. 2021లో వచ్చిన 11వ ఎడిషన్‌లో మామూలు గ్యాస్ స్టేషన్‌కి కోడ్ 944, స్టోర్‌తో ఉన్నదానికి 945. రెండింటికీ రేటు ఫ్యూయెలింగ్ పొజిషన్ లెక్కన ఉంటుంది, అంటే ఒకేసారి ఎన్ని కార్లకు గ్యాస్ పట్టొచ్చో అన్ని పొజిషన్లు. రెండువైపులా పట్టే పంపు ఒకటుంటే రెండు. 944కి పొద్దున రద్దీ గంటలో 10.28 ట్రిప్పులు, సాయంత్రం 13.91. స్టోరు 2,000 నుంచి 4,000 చదరపు అడుగుల మధ్య ఉంటే 945కి పొద్దున 16.06, సాయంత్రం 18.42.

8 పొజిషన్లున్న స్టేషన్ తీసుకుందాం. పొద్దున 82 కాస్తా 128 అవుతుంది, సాయంత్రం 111 కాస్తా 147. పెరిగేది పొద్దున 46, సాయంత్రం 36. చాలామంది సాయంత్రం రద్దీ ఒక్కటే చూస్తారు గానీ కాఫీ, బ్రేక్‌ఫాస్ట్ శాండ్‌విచ్ కోసం ఆగేది పొద్దునే కదా, అసలు టెన్షన్ అక్కడే. ఇంకోటి, రావడం ఒక ట్రిప్పు, వెళ్లడం ఒక ట్రిప్పు, కాబట్టి 46 అంటే 23 కార్లే. బోర్డు మీటింగ్‌లో ఇరుగుపొరుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పండి. మీ బిల్డింగ్ 2,000 చదరపు అడుగులకంటే చిన్నదైతే ఈ రేటు సరిగ్గా సరిపోదు, దగ్గర్లో అలాంటి స్టోర్ ఒకటి చూసి అక్కడ లెక్కపెట్టించడం మేలు.

ఇక పాస్‌బై. ఇలాంటి చోట్లకు వచ్చేవాళ్లలో దాదాపు సగంమంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువమంది ఎలాగూ ఆ రోడ్డు మీద పోతూ మధ్యలో ఆగేవాళ్లే, వాళ్లను పక్క జంక్షన్‌కి కొత్త ట్రాఫిక్‌గా లెక్కకట్టరు. ఇక్కడే లెక్కలు పక్కదారి పడతాయి. కొత్త స్టోర్‌కి పాస్‌బై తీసేసి పాత స్టేషన్‌కి తీయకపోతే ట్రాఫిక్ తగ్గిపోయినట్టు కనిపిస్తుంది, అది తప్పుడు లెక్క, రివ్యూ చేసే ఇంజినీరు ఇట్టే పట్టుకుంటాడు. రెండింటికీ తీయాలి. పైగా డ్రైవ్‌వే దగ్గర అస్సలు తీయకూడదు, ఎందుకంటే దారిలో ఆగినవాడైనా ఆ గేటులోంచే లోపలికి రావాలి, ఆ గేటులోంచే బయటికి పోవాలి.

ఒక గంటలో 100 కొత్త ట్రిప్పులు దాటితే పూర్తి స్టడీ అడగడం చాలాచోట్ల వాడుక. మన ఉదాహరణ దాన్ని చేరదు, అయినా డ్రైవ్‌వే నుంచి ఎడమకు తిరిగి రోడ్డెక్కడానికి ఎంతసేపు పడుతుందో చూపించాల్సిందే. సిగ్నల్ లేని చోట సగటున 50 సెకన్లు దాటితే లెవెల్ ఆఫ్ సర్వీస్ (ఆలస్యాన్ని బట్టి ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడు) ఎఫ్, అంటే బాగా అధ్వానం. స్టేట్ హైవే మీదైతే రాష్ట్ర రవాణా శాఖ యాక్సెస్ పర్మిట్ (డ్రైవ్‌వేను హైవేకి కలపడానికి అనుమతి) సంగతి కూడా మొదట్లోనే కనుక్కోండి.

రేట్లు చెప్పనిది లోపలి రద్దీ. డ్రైవర్ కారును పంపు దగ్గరే వదిలి కాఫీకి వెళ్తే ఆ పొజిషన్ ఖాళీ అవ్వదు, వెనక కార్లు రోడ్డు దాకా బారులు తీరతాయి. అందుకని స్టోర్ ముందు పార్కింగ్ విడిగా గీయించండి, ట్యాంకర్ తిరిగే దారి ప్లాన్ మీద చూపించండి, ట్యాంకర్ రద్దీ గంటల్లో రాకుండా సప్లయర్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. జంక్షన్‌కి ఆనుకుని రెండో డ్రైవ్‌వే ఉంటే దాన్ని మూసేస్తామని, లేదంటే కుడివైపు మలుపులకే ఉంచుతామని మీరే ముందు ప్రతిపాదించండి.