సలహా సంఘాల్లో పౌరుల మాట – మూడవ పాఠం: ఫిర్యాదు వేరు, సలహా వేరు

వినియోగదారుల హక్కులపై సలహాలిచ్చే జిల్లా వినియోగదారుల పరిరక్షణ మండలికి ఒక సలహా రాయమని గత పాఠంలో అడిగాను. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలే. అందువల్ల ఈ పాఠంలో చెప్పాలనుకున్న మండలి సభ్యుల నియామకం సంగతి వాయిదా వేసి, ఈ ఒక్క పొరపాటునే సరిదిద్దుకుందాం.

రైతు బజారులో ఫలానా దుకాణదారు కిలోకు యాభై గ్రాములు తక్కువ తూచాడనడం ఫిర్యాదు. అది తూనికలు, కొలతల శాఖకు వెళ్లాలి, అతనికి జరిమానా పడితే అక్కడితో ముగుస్తుంది. ప్రతి రైతు బజారు ద్వారం దగ్గర కొన్నవారే సరిచూసుకునే కాటా ఉండాలనీ, దాన్ని ఎప్పుడు, ఎవరు పరీక్షించారో పక్కనే రాసిపెట్టాలనీ కోరడం సలహా. మొదటిది జరిగిన నష్టాన్ని చెబుతుంది, రెండవది మారవలసిన ఏర్పాటును చెబుతుంది. 'అధికారులు కఠిన చర్యలు తీసుకోవాలి' అని చివర చేర్చినంత మాత్రాన ఫిర్యాదు సలహా కాదు. ఆ వాక్యం దాదాపు ప్రతి జవాబులోనూ కనిపించింది, దయచేసి దాన్ని మానండి. అయితే మీ ఫిర్యాదులను పారేయవద్దు: ఒకే రకమైనవి పది పోగైతే అవే సలహాకు ఆధారం. రైలు ఆలస్యమైందనడానికీ, వేళ మార్చాలని రైల్వే ప్రయాణికుల సంప్రదింపుల సంఘంలో అడగడానికీ ఉన్న తేడా కూడా ఇదే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల పరిరక్షణ మండలికి కలెక్టరే అధ్యక్షులు, ఏటా కనీసం రెండు సమావేశాలు జరగాలి, కానీ దానికి సలహా ఇచ్చే అధికారమే తప్ప ఆదేశించే అధికారం లేదు. కాబట్టి ఏ అధికారి, ఏం చేయాలో మీరే రాసి ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వానికి సలహాలివ్వడానికి 2004లో ఏర్పడిన జాతీయ సలహా మండలికీ చట్టం చేసే అధికారం ఉండేది కాదు. అయినా సమాచార హక్కు కోసం పౌర ఉద్యమకారులు సిద్ధం చేసిన సవరణల్లో చాలావాటిని అది ఆమోదించి ప్రధానికి పంపింది, 2005లో పార్లమెంటు సమాచార హక్కు చట్టాన్ని చేసింది. కోపం కాక, చట్టంలో చేర్చదగిన వాక్యాలు చేతిలో ఉండడం అక్కడ పనికివచ్చింది. కలెక్టరు ఒక్క ఉత్తర్వుతో చేయగలిగినదాన్నే అడగడం నాకు ఇష్టం. ఆ కాగితాన్ని సమావేశానికి ముందే ఇచ్చి, చర్చాంశాల్లో చేర్చమంటాను.

అభ్యాసం: సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయమూ తన సలహా సంఘాల వివరాలను, వాటి సమావేశాల మినిట్స్ (చర్చల, నిర్ణయాల నమోదు) ప్రజలకు అందుతాయో లేదో స్వయంగా ప్రకటించాలి. మీ జిల్లా మండలి చివరి రెండు సమావేశాల మినిట్స్ కోసం దరఖాస్తు పెట్టండి. అవి చేతికందాక, ఏ సలహాకు ఎదురుగా ఏ అధికారి హోదా నమోదైందో గుర్తించి, మీ సలహాను అదే పద్ధతిలో ఆరు వాక్యాల్లో తిరిగి రాయండి.