కళ్ల కింద ఉబ్బు తగ్గాలంటే

పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బుగా కనిపిస్తోందా? క్రీములు కొనే ముందు మీ దిండు సంగతి చూడండి. రాత్రంతా తల, ఒళ్లు ఒకే ఎత్తులో ఉంటే నీరు ముఖంలోకి చేరుతుంది. కంటి కింద చర్మం మరీ పలుచన కాబట్టి అక్కడే ముందు బయటపడుతుంది. తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, రాత్రి భోజనంలో ఉప్పు తగ్గించండి.

లేచాక మెత్తటి గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి, నీళ్లు కారకుండా పిండి, మూసిన కళ్లపై పది నిమిషాలు ఉంచండి. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని వాపు దిగుతుంది. అందరూ మెచ్చుకునే కీరదోస ముక్కల్లో పనిచేసేదీ ముఖ్యంగా ఈ చల్లదనమే. ఫ్రిజ్‌లో పెట్టిన చెంచా వాటికేమీ తీసిపోదు! మంచుగడ్డను మాత్రం నేరుగా ఆనించకండి. అలర్జీతో దురద పుట్టినా కళ్లు నలపకండి, వాపు ఇంకా పెరుగుతుంది.

వయసుతో కొవ్వు ముందుకు జారి ఏర్పడే సంచులు మాత్రం ఇలాంటి చిట్కాలకు లొంగవు. ఉబ్బు రోజంతా తగ్గకపోయినా, కాళ్లకూ వాపు వచ్చినా, ఒక కన్నే ఎర్రబడి నొప్పి పెడుతున్నా డాక్టరుకు చూపించుకోండి.