పెడల్ స్టీల్ చెవిపాఠాలు – 4: జారుడు వేరు, లాగుడు వేరు

పెడల్ స్టీల్ అంటే అమెరికా కంట్రీ పాటల్లో వినిపించే, పడుకోబెట్టి వాయించే గిటార్. ఎడమచేతిలోని బార్ తీగల మీద జారుతుంది, కాలికింది పెడల్ తొక్కితే కొన్ని తీగల శ్రుతి మారుతుంది. పెడళ్ళు లేని స్టీలూ ఉంది. పోయిన పాఠం చివర మూడు పాటలిచ్చి, దేన్లో పెడల్ ఉంది, దేన్లో లేదు అన్నది చెవితోనే తేల్చి రాసి పంపమన్నాను. వచ్చిన జవాబులన్నీ రెండేసి సార్లు చదివాను. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ దగ్గర ఎవరూ తడబడలేదు. బక్ ఓవెన్స్ ‘టుగెదర్ అగైన్’ కూడా దాదాపు అందరూ పట్టుకున్నారు. రెండిట్లోనూ పెడల్ ఉంది. హ్యాంక్ విలియమ్స్ ‘యువర్ చీటిన్ హార్ట్’ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడ్డారు. గిటార్ అంతగా వెక్కివెక్కి ఏడుస్తుంటే పెడల్ లేకుండా ఎలా కుదురుతుందని ఒకరు అడిగారు.

కుదురుతుంది. ఆ పాటలో పెడలే లేదు.

అందులో స్టీల్ వాయించింది డాన్ హెల్మ్స్. అలబామా మనిషి. ఆయన వాయించేది గిబ్సన్ కన్సోల్ గ్రాండ్ అనే రెండు మెడల స్టీల్ (మెడ అంటే తీగలు బిగించిన పొడవాటి పలక). కింద ఒక్క పెడల్ కూడా ఉండదు. 1952 సెప్టెంబరులో, కంట్రీ రికార్డింగులకు కేంద్రమైన నాష్‌విల్‌లో హ్యాంక్ ఆఖరి రికార్డింగ్ సెషన్‌లో ఆ పాట రికార్డయింది. మీరు విన్న ఏడుపంతా ఎడమచేతిలో ఉన్న ఇనుప బార్‌ది, దాన్ని వణికించిన మణికట్టుది. హ్యాంక్ పాటలు వందకు పైగా ఈ చేతి మీదుగానే వచ్చాయి. 1957లో ప్యాట్సీ క్లైన్ పాడిన ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’లో వినిపించే స్టీల్ కూడా హెల్మ్స్‌దే. మీరు ఆ పాటను ఎన్నిసార్లు విని ఉంటారో! ఆయన పేరు ఎప్పుడైనా విన్నారా?

ఈసారి నేరుగా కంట్రీ సంగీతానికి పేరున్న మరో ఊరు, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌కి తీసుకెళ్దామనుకున్నాను. కానీ ఈ ముడి విప్పకుండా ముందుకెళ్తే స్టీల్ వాద్యకారుల్లో రాల్ఫ్ మూనీ విన్నా, జాన్ హ్యూయీ విన్నా మీరు ‘బాగా ఏడిపించాడు’ అనే అంటారు. ఎవరు ఎలా ఏడిపించారో తెలియకపోతే వాళ్ళ పేర్లు గుర్తుండవు. అందుకని ముందు ముడి, ఆ తర్వాత మనుషులు.

కదలని స్వరాన్ని వెతకండి

చాలామంది చేసే పొరపాటు ఒకటే. స్వరం జారితే చాలు, పెడల్ అనుకుంటారు. పాటల గురించి రాసేవాళ్ళు కూడా ఇదే తప్పు చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే దాంతో ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. పెడల్ లేకుండా అంత పని చేసిన హెల్మ్స్ కష్టం పెడల్ ఖాతాలో పడుతుంది. పెడల్‌తో కొత్త దారి తీసినవాళ్ళు చేసిందేమిటో ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.

మన సంగీతం విన్న చెవికి ఇది తేలికగానే అందాలి. గోటువాద్యం విన్నారా? మెట్లుండవు. తీగల మీద ఒక ముక్క జారుతూ పోతుంది, దానితోపాటు స్వరమూ జారుతుంది. అది జారుడు. వీణలో అలా కాదు. మెట్టు మీద వేలు ఉంచి ఒక తీగను పక్కకు లాగుతారు. ఆ ఒక్క తీగే పైకెక్కుతుంది, పక్కనున్న తాళపు తీగలు ఉన్నచోటే మోగుతాయి. అది లాగుడు. పెడల్ స్టీల్‌లో ఈ రెండూ ఉన్నాయి. బార్ జారుస్తుంది, పెడల్ లాగుతుంది.

ఇప్పుడు స్వరాలతో చూద్దాం. స్టీల్‌కి ఎక్కువగా పెట్టే శ్రుతి ఈ-నైన్, పది తీగలు. బార్‌ని ఒకచోట ఉంచి మూడు తీగలు మీటితే స–గ–ప వస్తుందనుకోండి (గ అంటే అంతర గాంధారం). ‘ఎ’ అనే పెడల్ తొక్కితే పంచమం ఒక్కటే చతుశ్రుతి ధైవతానికి ఎక్కుతుంది. ‘బి’ అనే పెడల్ తొక్కితే గాంధారం ఒక్కటే శుద్ధ మధ్యమానికి ఎక్కుతుంది. రెండూ కలిపి తొక్కితే స–మ–ధ. బార్ కదల్లేదు. షడ్జమం కూడా కదల్లేదు. అది స్థిరంగా మోగుతుండగానే మిగతా రెండూ దాని పక్కన లేచి నిలబడ్డాయి.

ఇదే తీగలమీద బార్‌ని జరిపి చూడండి. స, గ, ప మూడూ ఒకేసారి, ఒకే దూరం కదులుతాయి. ఎడ్లబండి కదిలితే బండిలో ఉన్నవాళ్ళంతా కదిలినట్టు. బార్‌ని ఏటవాలుగా పట్టి కొంత తేడా తేవచ్చు, హెల్మ్స్ తరంవాళ్ళు ఆ పని అద్భుతంగా చేశారు. కానీ మీకు ముందు ఈ పెద్ద తేడా పట్టుబడాలి.

నేను చేసే పద్ధతి చెప్తాను. స్టీల్ రెండు మూడు తీగలు కలిపి మోగించే చోట పాట ఆపండి. అందులో ఒక స్వరాన్ని నోటితో పట్టుకుని ‘ఊ’ అని సాగదీస్తూ పాట మళ్ళీ వదలండి. స్టీల్ కదిలిన తర్వాత కూడా మీ ‘ఊ’ దానిలో కలిసి నిలిస్తే అది పెడల్. మీ ‘ఊ’ రాసుకుంటూ విడిపోతే అది బార్. ఒకే స్వరానికి కుదరకపోతే ఇంకో స్వరం పట్టుకుని చూడండి. ఒంటి తీగ మీద వాయించేటప్పుడు ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ ఊహించొద్దు, జంట స్వరాలు వచ్చేదాకా ఆగండి. వేగం ముప్పావుకి తగ్గించుకుని వినడంలో తప్పేమీ లేదు, నేనూ అలాగే వింటాను.

ఇంకో గుర్తు, స్వరం ఆగే చోటు. పెడల్ తొక్కితే తీగ బిగిసి ఒక అడ్డు దగ్గర ఆగిపోతుంది. స్వరం తలుపు మూసుకున్నట్టు కచ్చితంగా అక్కడే ఆగుతుంది. బార్ అయితే చేరాక కూడా కాస్త అటూ ఇటూ ఊగుతూ స్థిరపడుతుంది. ‘యువర్ చీటిన్ హార్ట్’ మళ్ళీ పెట్టి ఈ ఒక్క విషయం వినండి. ఆ ఊగడంలోనే హెల్మ్స్ ఉన్నాడు.

బడ్ ఐజాక్స్ చేసింది ఏమిటి

‘స్లోలీ’లో స్టీల్ వాయించింది బడ్ ఐజాక్స్. పెడళ్ళు ఆయన కనిపెట్టలేదు. గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలోనే పెడళ్ళున్న ఎలక్ట్రాహార్ప్ అమ్మింది. అప్పటివాళ్ళు పెడల్‌ని శ్రుతి మార్చుకోవడానికే ఎక్కువగా వాడేవారు. ముందు తొక్కడం, తర్వాత మీటడం. ఐజాక్స్ ‘స్లోలీ’లో తీగలు మోగుతుండగానే తొక్కాడు. లాగుడు జనానికి వినపడింది. 1954లో ఆ పాట కంట్రీ పాటల పట్టికలో 17 వారాలు మొదటి స్థానంలో ఉంది. స్టీల్ వాయించేవాళ్ళు ఆ శబ్దం కోసం తమ గిటార్లకు పెడళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టారు. రికార్డు మీద మాత్రం వెబ్ పియర్స్ పేరే ఉంటుంది.

అప్పట్లో నాష్‌విల్ పద్ధతి అలాంటిది. మూడు గంటల సెషన్, అందులో మూడు నాలుగు పాటలు, మధ్యాహ్నం ఇంకో స్టూడియో, ఇంకో గాయకుడు. అట్టమీద వాద్యకారుల పేర్లు వేసే అలవాటు చాలాకాలం లేదు. అందుకే ఈ పాఠాలు చెవితో మొదలుపెట్టాను. అట్ట చెప్పని పేరు మీ చెవి చెప్పాలి.

పేరున్న స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమ్మన్స్ గురించి ఎప్పుడు చెప్తారని కొందరు అడిగారు. ఈ-నైన్‌కి 1962లో రెండు తీగలు చేర్చింది ఆయనే. ఇప్పుడు అందరూ వాడే శ్రుతి అదే. స్టీల్ ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఆయన పేరు తెలుసు, కాబట్టి ఈ వరుసలో ఆయనకు వేరే పాఠం ఉండదు. జిమ్మీ డే అనే ఇంకో స్టీల్ వాద్యకారుడి సంగతి చూడండి. కొత్త పెడల్ స్టీల్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు పెడళ్ళు ఎమ్మన్స్ వరుసలో కావాలా, డే వరుసలో కావాలా అని తయారుచేసేవాళ్ళు అడుగుతారు. చాలామందికి డే అంటే ఆ కాగితం మీది రెండో గడి మాత్రమే. ఆయన వాయించిన సోలో ఒక్కటీ విని ఉండరు.

ఇప్పుడు మనుషులు

రాల్ఫ్ మూనీ. ఓక్లహోమాలో పుట్టాడు, వాయించింది ఎక్కువగా కాలిఫోర్నియాలో. మెర్ల్ హ్యాగర్డ్ ‘స్వింగింగ్ డోర్స్’, ‘ద బాటిల్ లెట్ మీ డౌన్’ రెండూ 1966వి, రెండిట్లోనూ ఆయనే. మూనీ ఏడిపించడు. పదునైన, చిన్న చిన్న స్వరాలు, నిప్పురవ్వల్లా. మీటిన వెంటనే కుడి అరచేయి తీగల్ని ఆపేస్తుంది. పెడల్‌ని కూడా ఆయన సాగదీయడు, టక్కున తొక్కి టక్కున వదులుతాడు. తర్వాత 20 ఏళ్ళ దాకా వేలన్ జెన్నింగ్స్ దగ్గర ఉన్నాడు. ‘రెయినీ డే వుమన్’ (1974) ఇంట్రో వినండి, రెండో సెకనులోనే పట్టేస్తారు. ఇంకో మాట, 1956లో రే ప్రైస్ పాడి 20 వారాలు మొదటి స్థానంలో నిలిపిన ‘క్రేజీ ఆర్మ్స్’ పాటను చక్ సీల్స్‌తో కలిసి రాసింది మూనీయే.

టామ్ బ్రమ్లీ ‘టుగెదర్ అగైన్’ సోలో గురించి పోయినసారే చెప్పుకున్నాం.

వెల్డన్ మైరిక్ గుర్తుపట్టడానికి ‘వన్స్ ఎ డే’ (1964) చాలు. పాడింది కోనీ స్మిత్ అనే గాయని, అది ఆమె మొదటి రికార్డు, 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో స్టీల్ గొంతు పక్కన ఒదిగి ఉండదు, మెరుస్తూ ముందుకొచ్చి నిలబడుతుంది. తళతళలాడే పైస్థాయి. ఆమె గొంతు తలచుకుంటే నాకు ముందు ఆ స్టీలే వినిపిస్తుంది.

జాన్ హ్యూయీ 20 ఏళ్ళు కాన్వే ట్విట్టీ వెంట ఉన్నాడు. నిజంగా ఏడిపించేవాడు ఈయనే. మెడ చివర, తీగ బాగా పొట్టిగా మిగిలే చోట, బార్‌ని వెడల్పుగా వణికిస్తాడు. విన్స్ గిల్ ‘లుక్ ఎట్ అస్’ (1991) ఇంట్రోలో లాగుడు, జారుడు రెండూ కలిసిపోయి ఉంటాయి. అక్కడ మీ ‘ఊ’ పరీక్ష చేయండి. ఇది తేలిక కాదు, మొదటిరోజు రాకపోతే కంగారు పడొద్దు.

ఇక రెడ్ రోడ్స్. ఈయన దగ్గర కాసేపు కూర్చోవాలి. 1972లో మైఖేల్ నెస్మిత్ ‘అండ్ ద హిట్స్ జస్ట్ కీప్ ఆన్ కమిన్’ అనే ఆల్బమ్ చేశాడు. అందులో నెస్మిత్ గొంతు, ఆయన గిటార్, రోడ్స్ పెడల్ స్టీల్, అంతే. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు. ఏదీ దేని వెనకా దాక్కోదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక చిన్న స్పీకర్‌లో పెట్టుకుని వినండి. కొన్ని చోట్ల స్వరం మొదలవడమే వినపడదు, ఎక్కడినుంచో ఉబికి వస్తుంది. అది కుడికాలి పని. వాల్యూమ్ పెడల్ (ఇది తీగలు లాగే పెడల్ కాదు, శబ్దం పెంచి తగ్గించేది) దించి ఉంచి తీగ మీటుతాడు, మీటిన చప్పుడు మనకు అందదు. తర్వాత మెల్లగా పెడల్ నొక్కుతాడు. తీగ శబ్దం తగ్గుతున్న కొద్దీ పాదం ఇంకాస్త నొక్కుతుంది, స్వరం వయొలిన్ కమాను గీసినట్టు నిలబడుతుంది. అదే సమయంలో ఎడమ పాదం రెండు పెడళ్ళ మీద ఉంటుంది. పాదాన్ని పక్కకి కొద్దిగా వంచితే ఒక పెడల్ వదులుతుంది, ఇంకోటి అలాగే ఉంటుంది. ‘డిఫరెంట్ డ్రమ్’ మీకు 1967 నాటి స్టోన్ పోనీస్ పాటగా తెలిసి ఉండొచ్చు. రాసిన నెస్మిత్ ఇక్కడ తనే పాడాడు. ఆ పాట పూర్తిగా ఒకసారి రోడ్స్ కోసమే వినండి, గొంతుని పక్కన పెట్టి.

అభ్యాసం

ఈసారి ఒకటే, కానీ వారం పడుతుంది. ద బర్డ్స్ బృందం 1968లో చేసిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’ తీసుకోండి. అందులో స్టీల్ వాయించినవాళ్ళు ఇద్దరు, నాష్‌విల్‌లో లాయిడ్ గ్రీన్, లాస్ ఏంజెలెస్‌లో జే డీ మానెస్. స్టీల్ ఉన్న ప్రతి పాటా విని రెండు కుప్పలు చేయండి. చేసేదాకా ఎక్కడా పేర్లు వెతకొద్దు.

దారి చూపడానికి చెరొకటి ఇస్తాను. ‘యూ ఎయింట్ గోయిన్ నోవేర్’ గ్రీన్‌ది. ‘ద క్రిస్టియన్ లైఫ్’ మానెస్‌ది. నాష్‌విల్ మర్యాద ప్రకారం గాయకుడి వాక్యం అయ్యాక మిగిలిన సందులోనే స్టీల్ రావాలి. గ్రీన్ కూడా ఎక్కడ వాయించమంటారని అడిగాడు. అన్నిచోట్లా వాయించమన్నారు. అది మనసులో పెట్టుకుని ఆ పాట వినండి, ఒక సందూ వదలకుండా గొంతు చుట్టూ అల్లుకుపోయాడు.

ప్రతి పాటకీ ఒక్క చోటు నిమిషం, సెకనుతో సహా రాయండి. అక్కడ కదలని స్వరం ఏది, లాగుడా జారుడా, దాన్నిబట్టి గ్రీన్ అనుకున్నారా, మానెస్ అనుకున్నారా. కుప్ప తప్పయినా పరవాలేదు, కారణం రాయని జవాబు మాత్రం పంపొద్దు.

వచ్చే పాఠానికి అమెరికాలోని హౌస్ ఆఫ్ గాడ్ చర్చికి వెళ్దాం. అక్కడ 1930లలో ఈసన్ సోదరులు ప్రార్థనలోకి తెచ్చిన స్టీల్, పెడల్ స్టీల్ వాయించే చక్ క్యాంప్‌బెల్ దాకా ఎలా వచ్చిందో విందాం. ఆ సంగీతం బయటివాళ్ళకు అందింది 1990లలోనే. పెడళ్ళ మీద చక్ వేగం అందుకోవాలంటే ఈ వారం ‘ఊ’ పరీక్ష మీకు నోటికొచ్చి ఉండాలి.