గల్ఫ్‌కు పనికి వెళ్తున్నారా? ఎమిగ్రేషన్ క్లియరెన్స్ దరఖాస్తు విధానం

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టులో సాధారణంగా ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ అని ఉంటుంది. దీన్నే ఈసీఆర్ అంటారు. ఆ పాస్‌పోర్టుతో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాల్సిందే. ఈ అనుమతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. పదో తరగతి పాసైనా ఆ ముద్ర ఉంటే, మెమో జతచేసి పాస్‌పోర్టు రీ-ఇష్యూకు పెట్టుకుంటే తీసేస్తారు.

డబ్బు కట్టకముందే ఏజెంటు లైసెన్సు నంబరు అడగండి. విదేశాంగ శాఖ వెబ్‌సైట్ అయిన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, లైసెన్సు ఇంకా నడుస్తోందా, సస్పెండైందా చూడండి. ఊళ్లో పాస్‌పోర్టులు పోగుచేసుకునే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. అతని చేతిలో పెట్టిన నగదుకు రేపు రుజువూ ఉండదు.

ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి. లక్షన్నర అడిగారని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, అసలు అలాగే ఉండగా నెలకు 4,500 వడ్డీకే పోతుంది. అదే 35,400కైతే వడ్డీ నెలకు 1,062. మొదటి ఏడాది ఇంటికి డబ్బు చేరుతుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, సాధారణంగా ఏజెంటే పెడతాడు. అంతకుముందే విదేశీ కంపెనీ ఈ-మైగ్రేట్‌లో నమోదై, తనకు కావాల్సిన కార్మికుల వివరాలు పెట్టి ఉండాలి. మీ వైపు నుంచి కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, వర్క్ వీసా, ఉద్యోగ ఒప్పందం, సర్వీసు ఛార్జీ రసీదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కావాలి. పాలసీ ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా వర్తిస్తుంది. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. క్లెయిమ్ వేళ అక్షరం తేడా ఉన్నా కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది వివరాలు కలవకే. పాస్‌పోర్టులో విడిగా ఉన్న ఇంటిపేరు వీసాలో పేరుతో కలిసిపోతుంది. ఒప్పందంలో డ్రైవర్ అని ఉంటే వీసాలో లేబర్ అని ఉంటుంది. ఒప్పందంలోని జీతం ఆ దేశానికి మన ప్రభుత్వం పెట్టిన కనీస జీతం కన్నా తక్కువున్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది. వీసా కొట్టించే ముందే ఒప్పందం కాపీ తెప్పించుకుని, వృత్తి, జీతం, పని గంటలు చదివించుకోండి.

ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళలకు 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంటు ద్వారా వెళ్లడానికి వీల్లేదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి.

‘విజిట్ వీసా మీద ఎక్కు, అక్కడ మార్పిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. అలా వెళ్తే ఈ-మైగ్రేట్‌లో మీ ఒప్పందం ఉండదు, ఈ బీమా ఉండదు. జీతం ఆపితే కంపెనీని నిలదీయడానికి చేతిలో కాగితమే ఉండదు.

క్లియరెన్స్ వచ్చిందో లేదో పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. ఒప్పందం, పాలసీ, క్లియరెన్స్ కాపీలు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800113090కు ఫోన్ చేయండి. వెళ్లాక సమస్య వస్తే విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ ‘మదద్’ పోర్టల్‌లో ఇంటివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.